మైనపు తీగ కొస

మంగుబాయి ఆ మధ్యాహ్నం మూడోసారి ఏనుగు వీపు మీంచి మైనపు తీగ ఊడదీసింది. తీగలో ఏ లోపమూ లేదు. తప్పంతా కొస దగ్గరే వస్తోంది. చుట్టడం అయ్యాక మిగిలిన కొసను ఎడమవైపు మడిచి, బొటనవేలి గోటితో రెండు నొక్కులు నొక్కాలి. ఆమె వేళ్లేమో కొసను కుడికి తిప్పి, ఒకే ఒక్క నొక్కు నొక్కి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఆగిపోతున్నాయి. యాభై ఆరేళ్లుగా తన ఒంటికి అంటుకుని ఉన్న చేతిని ఆమె పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

"ఎడమకు పో," అంది దానితో మెల్లగా.

నాలుగోసారీ అది కుడికే పోయింది.

కెరమెరి కొండల వెనక మాలెగూడలో మడావి వాళ్ల ఇంట ఇత్తడి బొమ్మలు పోయడం ఎప్పుడు మొదలైందో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. పుట్టమన్నుతో లోపలి ముద్ద చేస్తారు. తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచి, సన్నటి తీగలు లాగి ఆ ముద్ద చుట్టూ చుడతారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన దారిలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మూస పగలగొడితే బొమ్మ. మైనం మీద గోరు ఆనిన చోటు కూడా ఇత్తడిలో అలాగే నిలిచిపోతుంది కాబట్టి, ఆ ఎడమ మడతా ఆ రెండు నొక్కులే మడావి వాళ్ల సంతకం. మంగుబాయికి అది అవ్వ, అంటే కన్నతల్లి, నేర్పింది. అవ్వకు ఆమె అత్త నేర్పింది.

ఊరి దేవుడి బొమ్మ కూడా ఈ ఇంటి నుంచే వెళ్లాలి. కొత్త బొమ్మ వచ్చిన రోజున, దాన్ని కొలిచే కొడప వంశపు కటోడ, అంటే పూజ చేసే పెద్ద, కళ్లు మూసుకుని దాని వీపు మీద బొటనవేలు జరుపుతాడు. కొస తగిలితే తల ఊపి తీసుకుంటాడు, మొదటి నైవేద్యం పెట్టేటప్పుడు చేసిన మనిషి పేరు అందరికీ వినపడేలా పిలుస్తాడు. తగలకపోతే బొమ్మ వెనక్కే. పాత బొమ్మకు మెడ దగ్గర పగులిచ్చింది. వైశాఖం పూజకు కొత్తది కావాలి. ఇంక ఇరవై రోజులే ఉన్నాయి.

అసలు గుట్టు బయటపెట్టింది కటోడ జైతు. పోయిన వారం దారిన పోతూ అరుగు మీద కూర్చుని, అమ్మకానికి పెట్టిన ఏనుగును చేతిలోకి తీసుకున్నాడు. ఊరికే, అలవాటు కొద్దీ, దాని వీపు తడిమాడు. తడిమిన వేలు అక్కడే ఆగింది.

"ఇది ఎవలు చేసిన్రు?"

"నేనే కాకా."

"నీ చెయ్యి కాదిది."

ముసలాయన ఏనుగును జాగ్రత్తగా చాప మీద పెట్టాడు.

"ఏనుగుకైతే ఏమాయె. దేవునిది గిట్ల వస్తే మాత్రం నేను పట్టుకోను బిడ్డా. మావోళ్లు ఇప్పటికే పట్నం దుకాణంల కొందామంటున్నరు. ఒక్కపారి అక్కడ కొన్నరంటే మల్ల మీ గడప తొక్కరు. నేనున్నంత కాలం ఆపుత గని, నాకేమన్న నూరేండ్లున్నయా?"

మంగుబాయికి కోపం రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతో వారం రోజులుగా అన్నం కూడా సయించడం లేదు.

ఇదంతా ఒక చేతి తొడుగు చేసిన పని. రెండేళ్ల కింద శర్వాణి అనే శాస్త్రవేత్త హైదరాబాదు నుంచి జీపేసుకుని వచ్చింది. ఆమె వెంట ఒక జత తొడుగుల్లో ఒకటి వచ్చింది. దాని జోడు ఘానా దేశంలో, కుమాసి అనే నగరం దగ్గర ఒక పల్లెలో ఉందట. పల్చటి గుడ్డ, మోచేతి దాకా వస్తుంది, మైనం తగలాలి కదా అని వేళ్ల కొనలు వదిలేసి కుట్టారు. మంగుబాయి దాన్ని వేసుకుని ఏం చేయాలో తెలియక ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి ఆమె బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకొచ్చి దేన్నో పట్టుకున్నాయి. వేళ్ల మధ్య ఏమీ లేదు. అయినా మెత్తగా, గోరువెచ్చగా తగిలింది. మైనం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన మైనం.

ఆమె దడుచుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎదురుగా తెర మీద నల్లటి ముసలాయన ఒకడు, చేతిలో మైనపు తీగతో, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. ఆయన ఏదో అన్నాడు. మాటలు మార్చే యంత్రం గొంతు సవరించుకుని, "నా నామధేయము క్వాబెనా. మా దేశమునందు మంగళవారమున జన్మించిన పురుషునికి ఈ పేరిడుదురు," అంది.

మంగుబాయికి ముక్క అర్థం కాలేదు. కూతురు లేతుబాయి నవ్వాపుకుంటూ విడమరిచి చెప్పింది.

"అరె, నేను సుత మంగళారమే పుట్టిన," అంది మంగుబాయి తెరతో. "అందుకే మంగుబాయి అని పెట్టిన్రు."

ఆ ఒక్క మాటతో వాళ్లకు చుట్టరికం కలిసిపోయింది. క్వాబెనా వాళ్ల వంశం పూర్వం బంగారు పొడి తూచడానికి చిన్న చిన్న ఇత్తడి తూనికరాళ్లు పోసేవాళ్లట, పిట్టల్లా, మొసళ్లలా, చేపల్లా. అదే మైనం, అదే మట్టి, అదే పగలగొట్టే మూస. ప్రతి మంగళవారం ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి, అక్కడ పొద్దున ఎనిమిదిన్నరకు ఇద్దరూ తొడుగులు వేసుకునేవాళ్లు. ఒకరి చెయ్యి తీగ చుడుతుంటే రెండో చేతికి ఆ ఒత్తిడీ వేడీ తెలిసేవి. కాసేపటికి ఆ చెయ్యి కూడా కలిసి కదిలేది. ఆయన మూడు పోగులను ఒకేసారి అల్లుతూ చుట్టేవాడు, ఆ విద్య మాలెగూడలో ఎవరూ ఎరగరు. మొసలి వీపు మీద నెమలిని కూర్చోబెట్టి ఇద్దరూ ఒక దీపం పోశారు. ఏవో దేశాల వాళ్లు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టారు. నిజం చెప్పాలంటే, భర్త పోయిన ఈ పదేళ్లలో మంగుబాయి సంతోషంగా ఉన్నది ఆ మంగళవారాల్లోనే.

ఏనుగు సంగతి ఫోనులో విన్నాక శర్వాణి మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. మర్నాడు కారు పంపించింది.

ప్రయోగశాలలో మంగుబాయి తలకూ చేతికీ తీగలు తగిలించి, ముందు మైనం పెట్టారు. చల్లటి గది. ఆమె చుట్టింది, కొస కుడికి పోయింది. పదిసార్లు చేయించారు. పదిసార్లూ కుడికే. శర్వాణి తెర మీద గీతలు చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. నలభై దాటని మనిషే గానీ, ఆ రోజు అంతకన్నా పెద్దదానిలా కనపడింది.

"మంగుబాయిగారూ, పని వచ్చేది చేతికి కాదు, తలకాయలో ఒక చోటుకి. తొడుగు ఆయన పని తీసుకొచ్చి మీ తలలో సరిగ్గా ఆ చోటే రాసింది. పక్కన ఇంకో చోట రాస్తుందనుకున్నాం. రాయలేదు. ఉన్నదాని మీదే రాసింది."

"అంటే మా అవ్వది పోయిందా?"

"మీ దగ్గర పోయింది." శర్వాణి తల దించుకుంది. "ఆయన దగ్గర ఉంది. నిన్న ఆయన చేసిన పిట్టల ఫొటోలు తెప్పించి చూశాను. అన్నిటికీ కొస ఎడమకే ఉంది. రెండు నొక్కులు."

సముద్రాల అవతల, ముఖం కూడా ఎదురుగా చూడని ముసలాయన చేతిలో మంగుబాయి అవ్వ బతికి ఉంది.

"మల్ల తెచ్చుకోరాదా?"

"తెచ్చుకోవచ్చు. ఆయన పంపాలి, మీరు తీసుకోవాలి. ఒక్క పూటలో అయిపోతుంది. ఈ నెలాఖరుకు ప్రయోగం ఆపేయమన్నారు, తొడుగులు వెనక్కి ఇచ్చేయాలి. ఈలోపే చేయాలి." ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. చెప్పాల్సింది ఇంకా ఉందని మంగుబాయికి అర్థమైంది. "చలికాలంలో మీ మంగళవారాలు ఆపింది ఆయనకు పక్షవాతం వచ్చినందుకే. పంపడం వరకు ఆయన చెయ్యి పనికొస్తుంది గానీ, ఆ చేతిలోకి మాత్రం ఏమీ పంపకూడదని డాక్టర్లు అన్నారు. ఆయన పని ఇప్పుడు ఆయన దగ్గర లేదు. మీ దగ్గరే ఉంది. మీది మీరు తీసుకుంటే, దాని మీద రాసినట్టవుతుంది. ఇక అది ఎక్కడా ఉండదు."

"యంత్రంల దాచిపెట్టలేవా బిడ్డా?"

"దాచాం. దాన్ని మళ్లీ చేతికి పెడితే చెయ్యి కదులుతుంది, అంతే, నేర్చుకోదు. అవతల బతికున్న చెయ్యి ఉండాలి. ఇవతల ఏళ్ల తరబడి మైనం పట్టిన చెయ్యి ఉండాలి. మీ అమ్మాయికి కూడా వేసి చూశాం కదా."

చూశారు. లేతుబాయికి దురద తప్ప ఏమీ రాలేదు.

"నేను ముందే కనిపెట్టాల్సింది," అంది శర్వాణి. "దీపం బాగా వచ్చిందని అందరం సంబరపడ్డాం. కొస ఎటు తిరిగిందో ఎవరం చూడలేదు."

ఆమెను ఓదార్చే ఓపిక మంగుబాయికి లేదు. ఇంటికి పంపమంది.

లేతుబాయి ఉప ఆరోగ్య కేంద్రంలో నర్సు. రోజంతా తండాలూ గూడేలూ తిరిగి, పిల్లలకు సూదులు వేసి, వాళ్ల ఏడుపులన్నీ తలకెక్కించుకుని ఇంటికొస్తుంది. ఆ సాయంత్రం జొన్నరొట్టె కాలుస్తూ తల్లి చెప్పిందంతా విన్నది.

"దీంట్ల ఆలోచించుడేముందే అవ్వా? నీది నువ్వు తెచ్చుకో."

"ఆయనది పోతది."

"ఆయన మనకేమైతడు?"

ఆయన ఏమవుతాడో చెప్పడానికి మంగుబాయి దగ్గర మాట లేదు. తన వేళ్లతో తీగ లాగినవాడు. ఆయనకు పంటి నొప్పి వచ్చిన మంగళవారం ఈమె చెయ్యి కూడా బిగుసుకుపోయింది. ఈమెకు జ్వరం వచ్చినప్పుడు అక్కడ ఆయన మైనం వేడిగా ఉందని ఊదుకున్నాడు.

"నేను పోయిన వానకాలమే సచ్చిపోతే గీ లొల్లే లేకుండె," అంది చివరికి.

"అన్నం ముందర గా మాటలేంది?" లేతుబాయి రొట్టె తిరగేసింది. గొంతు తగ్గించింది. "కొడపోల్ల కాక బొమ్మను వెనక్కి పంపితే నువ్వు బతకవే. నాకెర్క. నీకు జరమొచ్చినా మందిస్త గని, దానికి నేనేం మందియ్యాలె?"

ఆ మాట నిజమే. అందుకే మంగుబాయి తెల్లారి శర్వాణికి ఫోను చేసి సరే అంది.

ఆ మంగళవారం శర్వాణి తనే తొడుగు పట్టుకుని మాలెగూడ వచ్చింది. దేవుడి బొమ్మకు మట్టి ముద్ద మంగుబాయి ముందే చేసి ఆరబెట్టి ఉంచింది. కొత్త తేనెమైనం. పొద్దుటి నుంచి ఉపవాసం. తెర వెలగగానే క్వాబెనా కనిపించాడు. మూతి కొంచెం ఒక పక్కకు జారింది. నవ్వు మాత్రం అదే. ఈ రెండేళ్లలో యంత్రం కూడా గ్రాంథికం మానేసి మనుషుల్లా మాట్లాడటం నేర్చుకుంది.

"మీ అమ్మగారి సామాను నా దగ్గర ఉండిపోయింది," అన్నాడాయన. "బాగా చూసుకున్నాను. తీసుకోండి."

"మరి నీది?"

"అరవై ఏళ్లు చేశాను. విసుగొచ్చింది. పోతే పోనీ."

ఆయన అబద్ధం చెబుతున్నాడని చెప్పడానికి యంత్రం అక్కరలేదు. విసుగొచ్చిన మనిషి అన్నేళ్లూ పిట్ట రెక్కకు మూడు పోగులు అల్లేవాడు కాదు. మంగుబాయి తొడుగు వేసుకుంది.

మొదట మణికట్టు జివ్వుమంది. తర్వాత బొటనవేలు కదిలింది. అది తన బొటనవేలు కదిలే తీరు కాదు, క్వాబెనాది కూడా కాదు. తీగను ముద్దకు ఆనించి, కొంచెం వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోసే ఆ నింపాదితనం ఆమెకు ఎప్పుడో తెలుసు. చిన్నప్పుడు తన వేళ్ల మీద వేళ్లు పెట్టి నేర్పిన చెయ్యి అది. అవ్వ పోయి ఇరవై రెండేళ్లయింది. మంగుబాయి కళ్ల నీళ్లు తుడుచుకోలేదు, రెండు చేతులూ పనిలో ఉన్నాయి. పాదాలు, మోకాళ్లు, నడుము, వరస మీద వరస తీగ ఎక్కింది. ఇంత సుఖంగా ఆమె చెయ్యి పనిచేసి ఏడాది దాటింది.

నడుము దాటాక తీగ అయిపోయింది. కొత్త తీగలు తీసుకునేటప్పుడు, ఎందుకో, ఆమె మూడు పోగులు పట్టుకుని ఎడమచేతి సాయంతో అల్లి చూసింది. మొదటి పోగు పడింది. రెండోది ఎటు పోవాలో వేళ్లకు తెలియలేదు. నిన్న సాయంత్రం కళ్లు మూసుకుని అల్లిన అల్లిక అది. తడుముకుని, తడుముకుని, ఎలాగో మూడోది కలిపింది. ఆమె తల ఎత్తి తెర చూసింది. క్వాబెనా తన చేతి వంక చూసుకుంటూ పని చేస్తున్నాడు. మనవరాలు వెనక నిలబడి ఆయన మోచేతిని పట్టుకుని ఉంది. ఆయన ముఖం మీద చెమట, ఎంతో శ్రద్ధ. పరాయి సొత్తు వెనక్కి ఇచ్చే మనిషి ఎక్కడ ఏది రాలిపోతుందోనని చూసుకునే శ్రద్ధ అది.

వీపు దాకా వచ్చారు. ఇంక నాలుగు వరసలు, ఆపైన కొస.

మంగుబాయి ఎడమచేత్తో తొడుగు లాగేసింది.

"ఇంకో పది నిమిషాలే ఉంది," అంది శర్వాణి కంగారుగా. "కొస ఇంకా రాలేదు. అదే కదా కావాల్సింది."

"చాలు బిడ్డా."

"మళ్లీ కుదరదు మంగుబాయిగారూ. రేపు తొడుగు ఇచ్చేస్తున్నాను."

"ఇచ్చెయ్యి."

తెర మీద క్వాబెనా చెయ్యి గాలిలో ఆగి ఉంది. మంగుబాయి మిగిలిన నాలుగు వరసలూ తొడుగు లేని చేత్తోనే చుట్టింది. కొస మిగిలింది. చెయ్యి ఎడమకు పోయింది, గోరు ఒక నొక్కు నొక్కింది. అక్కడ ఆగిపోయింది. తర్వాత ఏమిటో దానికి తెలియదు. చాలాసేపు ఆగి, మిగిలిన కాస్త తీగను వెనక్కి మళ్లించి, కుడికి తిప్పి ఇంకో నొక్కు నొక్కింది. చూడటానికి మెలిక తిరిగిన వానపాములా ఉంది. మడావి వాళ్ల ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చేయని కొస.

మూడు రోజులకు మట్టి ఆరింది. కొలిమి దగ్గర లేతుబాయి సెలవు పెట్టుకుని మరీ తిత్తి ఊదింది. ఇత్తడి పోశారు. మూస పగలగొట్టినప్పుడు బొమ్మ ఏ పగులూ లేకుండా వచ్చింది. తల్లి బొమ్మను బోర్లించి చూడలేదు. కూతురు చూసింది, చూసి బూడిద తుడిచి గుడ్డలో చుట్టింది.

పూజ రోజున జైతు స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, కొత్త కుండ పక్కన కూర్చున్నాడు. చుట్టూ కొడప వాళ్లు, ఆడవాళ్లు ఒక పక్క. మంగుబాయి బొమ్మను ఆయన ఒళ్లో పెట్టి వెనక్కి జరిగింది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు మెడ దగ్గర మొదలై మెల్లగా కిందికి దిగింది. కొస దగ్గర ఆగింది. ఎడమకు పోయింది. తల కొంచెం ఊపబోయాడు. అంతలో వేలు వెనక్కి మళ్లింది, కుడికి పోయింది, అక్కడ ఇంకో గుంట తగిలింది. మళ్లీ మొదటికొచ్చింది. మూడుసార్లు అలాగే తిరిగింది.

"ఇది ఒక్క చెయ్యి కాదు," అన్నాడు కళ్లు తెరవకుండానే.

"కాదు కాకా."

కొడప వాళ్లలో ఎవరో గుసగుసలాడారు. పట్నం దుకాణం మాట మంగుబాయికి వినపడింది. లేతుబాయి వెనక నుంచి వచ్చి పక్కన నిలబడింది.

"సగం మీ అవ్వది," అన్నాడు జైతు. "గది నేను యాడున్నా గుర్తువడత. తతిమ్మ సగం ఎవలది?"

"మంగళారం పుట్టినోడిది. మా లెక్కనే ఇత్తడి పోస్తరు వాళ్లు. నా దగ్గర మా అవ్వది పోతే, ఆయన దాచిపెట్టి తెచ్చిచ్చిండు. మొత్తం ఇస్తుండె. నేనే సగంల ఆపిన."

"ఎందుకు ఆపినవ్?"

"మొత్తం తీసుకుంటే నా చేతిల ఆయనది ఏం మిగలకపోవు కాకా."

ముసలాయన కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు, తర్వాత తన బొటనవేలిని చూసుకున్నాడు. ఆ వేలు కూడా అరిగిపోయింది, గోరు పసుపెక్కింది.

"దేవునికి గిది కొత్త," అన్నాడు. "నాకు సుత కొత్తనే. ఇద్దరం ముసలోళ్లమైనం, అలవాటైతదో కాదో." బొమ్మను ఒళ్లోంచి తీసి గద్దె మీద నిలబెట్టాడు. నైవేద్యం ఆకు దగ్గరికి లాక్కున్నాడు. "పేరు చెప్పు. పిలవాలె గద."

మంగుబాయి చెప్పింది. ఆయన నోరు తిరగక మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారికి పట్టుకుని, గొంతెత్తి, మడావి మంగుబాయి అని ఒకసారి, క్వాబెనా అని ఒకసారి పిలిచాడు. కొడప వాళ్లలో సగం మందే చేతులు జోడించారు. మిగతావాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ మిగతా సగం ఎప్పటికి జోడిస్తారో ఎవరికీ తెలియదు.

మరుసటి మంగళవారం తొడుగు లేదు. మంగుబాయి అలవాటు కొద్దీ రెండింటికల్లా మైనం ముందు కూర్చుంది. ఒక చేప మొదలుపెట్టింది. చెయ్యి ఇప్పుడు దేనికీ తనంతట తాను పోవడం లేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఎటు అని అడుగుతోంది. ప్రతిసారీ ఆలోచించి చెప్పాల్సి వస్తోంది. గంటలో అయ్యే పనికి పూట పడుతోంది, పూట తిరిగేసరికి భుజం పీకుతోంది. ఇక బతికినన్నాళ్లూ ఇంతే. ఆ సంగతి తెలిసే ఆమె తొడుగు తీసింది, తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు.

లేతుబాయి ఫోను కలిపి పక్కన పెట్టి వెళ్లింది. అవతల క్వాబెనా దగ్గాడు.

"నీ పేరు పిలిచిన్రు," అంది మంగుబాయి. "మా దేవుని ముందర."

యంత్రం ఆ మాట మార్చి చెప్పింది.

"సరిగ్గా పలికారా?"

"మూడోసారికి పలికిన్రు."

ఆయన నవ్వాడు. నవ్వు సగంలో దగ్గయింది. మనవరాలు నీళ్లిచ్చినట్టు గ్లాసు చప్పుడైంది. తర్వాత అడిగాడు, "పది నిమిషాల ముందే తొడుగు తీసేశారు. నా చేతికి తెలిసింది. ఎందుకు తీశారు?"

మంగుబాయి చేప వీపు మీద మూడు పోగులు సర్దుకుంటోంది. రెండోది ఎటు పోవాలో ఆలోచిస్తోంది.

"అలిసిపోయిన," అంది.

"నేనూ అంతే," అన్నాడాయన. ఫోను అలాగే ఉంచుకుని ఇద్దరూ పని చేసుకున్నారు.